రైలు పాటా, పోట్లాట పాటా

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే ముందుగదిలోని కుట్టుమిషను మూలకు పోతుంది. దాన్ని మూలకు తోసేది టైలరమ్మ కాదు, ఆవిడ మొగుడూ మరిదీ. గీరుమని నేల మీద ఈడ్చేస్తారు. ఆ ఇంటికి సగం తిండి పెట్టింది ఆ మిషనేనన్న గౌరవం ఇద్దరిలో ఒక్కరికీ లేదు. అదే చేతులతో లోపలి గదిలోంచి రికార్డు ప్లేయరును మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొస్తారు. బట్టలు కత్తిరించే బల్ల మీద దాన్ని దించి, అటొక స్పీకరూ ఇటొక స్పీకరూ నిలబెట్టి, వైర్లు లాగి, ఇక ఆ గది తమ పేర రాసిచ్చినట్టు కూర్చుంటారు. కత్తిరించి పెట్టుకున్న యూనిఫారం ముక్కలు మంచం మీదికి, గుండీల డబ్బా కిటికీలోకి, టైలరమ్మ వంటింట్లోకి.

అక్కడ జరిగేది పోటీ. పాత రాక్ పాటల్లో అన్నిటికన్నా గొప్ప పాట ఏదో తేల్చే పోటీ. తేలితే ఎవరికి ఏం ఒరుగుతుందని మాత్రం అడగకూడదు. టైలరమ్మ ఒకసారి అడిగింది. నలుగురూ ఆవిడ వైపు జాలిగా చూశారు. ఆ చూపు తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ నలుగురిలో మొదటివాడు ఆవిడ మొగుడు. రేకుల ఫ్యాక్టరీలో డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు నడిపి రిటైరైనవాడు. అందరూ ఫిట్టరనే పిలుస్తారు. రెండోవాడు మరిది, అదే ఫ్యాక్టరీలో స్టోర్సులో చేశాడు. మంచివాడే గానీ మాట మీద నిలబడని మనిషి. హోటల్లో టీ చెప్పి, అది వచ్చేలోపు కాఫీకి మార్చి, చివరికి పక్కవాడి గ్లాసు వైపు చూస్తాడు. మూడోవాడు టైర్లాయన, వీధి చివర పంక్చర్లు వేసే షాపు ఆయనది. నాలుగోవాడు లెక్కల మాస్టారు, ఒకప్పుడు ఫ్యాక్టరీవాళ్లకు సాయంత్రం క్లాసులు చెప్పేవాడు. పోటీకి నియమాలన్నీ ఈయనవే.

ఈ పిచ్చి వీళ్లకు ఫ్యాక్టరీ క్యాంటీనులో పట్టింది. పక్కనే ప్రెస్సు హాలు. ఒక్కో దెబ్బకు ఒక్కో డబ్బా మూత పడుతుంటే ఆ మోతకు టేబుల్ మీద గ్లాసులు కదిలేవి. ఆ మోతలో మెల్లని పాటలు ఎవరికి వినిపిస్తాయి? క్యాంటీను కుర్రాడు అన్నీ పెట్టి చూసి, చివరికి డ్రమ్ములూ గిటార్లూ గుండెల మీద గుద్దే ఈ ఇంగ్లీషు పాటలకు దిగాడు. అవి మాత్రం ప్రెస్సుల్ని దాటి వచ్చాయి. అప్పటినుంచీ వీళ్లకు పాటంటే అదే. మాటలు ఎవరికీ సరిగ్గా అర్థం కావు. మాస్టారికి అర్థమవుతాయని మిగతా ముగ్గురి నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టేంత అమాయకుడు కాదు మాస్టారు.

పోటీ పద్ధతి ఇదీ. ఒకసారికి రెండు పాటలు. ఒకటి విని, వెంటనే రెండోది వినాలి. గట్టిగా మోగే పాటే మనిషికి గొప్పగా తోస్తుంది గనుక రెండింటికీ సౌండు సమానంగా ఉండాలి. అందుకని సౌండు మీట పక్కన సుద్దతో గీత గీశారు, టైలరమ్మ బట్టల మీద గీతలు గీసుకునే సుద్దతోనే. ఆవిడను అడగలేదు. రెండు పాటలూ అయ్యాక నలుగురూ కళ్లు మూసుకోవాలి, ఒకరిని చూసి ఒకరు మొహమాటపడకుండా. అప్పుడు మాస్టారు మొదటి పాట పేరు చెప్తాడు. దానికి ఓటు వేసేవాళ్లు చెయ్యెత్తి అలాగే ఉంచాలి. “తెరవండి” అనగానే కళ్లు తెరిచి లెక్క చూసుకోవాలి. ఓడిన పాట మళ్లీ పోటీకి రాదు. సమానంగా వస్తే వచ్చే ఆదివారం మళ్లీ.

అలా ఒక్కోటీ రాలిపోయి, చివరికి రెండు మిగిలాయి. ఒకటి రైలు పాట, రెండోది పోట్లాట పాట. ఆ పేర్లు పెట్టింది టైలరమ్మే. మొదటిదానిలో డ్రమ్ములు స్టేషను వదిలిన రైలులా మెల్లగా మొదలై వేగం అందుకుంటాయి. రెండోదానిలో రెండు గిటార్లు, పంపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు బిందె కోసం వాదించుకున్నట్టు ఒకదాన్నొకటి మాట్లాడనివ్వవు. అసలు పేర్లు ఏవో ఉన్నాయి. కానీ వాటిని పలకడంలో నలుగురికీ నాలుగు అభిప్రాయాలు ఉండటంతో ఆవిడ పేర్లే స్థిరపడ్డాయి. ఈ పోటీకి ఆవిడ చేసిన సేవ అదొక్కటేనని అనుకుంటారు వాళ్లు. వారం వారం ఇచ్చే టీలు సేవ కింద రావు కాబోలు.

ఫైనల్ మొదలైంది. రెండు రెండు. సమానం. మళ్లీ ఆదివారం, మళ్లీ సమానం. ఆ మళ్లీ ఆదివారం, అంతే. ఎండలు పోయి వానలొచ్చాయి, బడి యూనిఫారాల హడావుడి వచ్చి పోయింది, సమానం మాత్రం పోలేదు. టైలరమ్మకు తల ప్రాణం తోకకు వచ్చింది.

ఎందుకంటే ఆ ఫైనల్ తేలితే గానీ ఆవిడ మొగుడు చెవిమిషను పెట్టుకోడు.

జీవితమంతా ప్రెస్సు పక్కన నిలబడ్డ చెవులవి. రిటైరవకముందే మొరాయించాయి. మొదట్లో “ఆఁ?” అనేవాడు. తర్వాత అనడం కూడా మానేసి, ఏం చెప్పినా నవ్వి తలూపడం మొదలెట్టాడు. గ్యాసు అయిపోయిందంటే నవ్వి తలూపాడు. పిన్ని పోయిందని ఏడుస్తూ చెబితే నవ్వి తలూపాడు. ఆ రోజు ఆవిడ మూడు పూటలా అన్నం ముట్టలేదు. మిషను కుట్టు నేర్పి, తనను ఒక మనిషిగా నిలబెట్టింది ఆ పిన్నే. మర్నాడు సంగతి తెలిసి ఆయన కుమిలిపోయాడు, నిజమే. కానీ కుమిలిపోతే చెవులు రావు కదా.

అప్పటినుంచీ టైలరమ్మ అరుస్తోంది. ఉప్పు అందుకోమన్నా అరుపే, ఒంట్లో బాగాలేదన్నా అరుపే. ఆవిడ మొగుడితో ఏం చెప్పిందో ముందు వీధికి తెలుస్తుంది, తర్వాత మొగుడికి. ఒకరోజు మోకాలు నొప్పిగా ఉందని ఆయనకు చెబితే, ఆయన “ఎవరొచ్చారు?” అన్నాడు. పక్కింటావిడ మాత్రం గోడ మీంచి నొప్పుల మందు అందించింది. ఇంట్లో గుట్టు అనేదే లేకుండా పోయింది. పెళ్లైన కొత్తలో దీపం తీసేశాక చాలాసేపు మాట్లాడుకునేవాళ్లు ఇద్దరూ, పెద్ద విషయాలేం కాదు, ఆవేళ ఎవరేమన్నారు, రేపేం చెయ్యాలి, అంతే. ఇప్పుడు పెదవులు కనిపిస్తేనే ఆయనకు మాట. దీపం తీస్తే ఇక ఎవరి దుప్పటి వాళ్లది. కొన్ని మాటలు అరిచి చెబితే ఇక ఆ మాటలే కావని ఆవిడకు ఇప్పుడే తెలిసింది. అలా చెప్పకుండా ఉండిపోయిన మాటలు ఆవిడ దగ్గర చాలా పోగుపడ్డాయి.

బతిమాలి, అలిగి, చివరికి చెయ్యి పట్టి లాక్కెళ్లి చెవుల పరీక్ష చేయించింది. పరీక్ష చేసిన అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. “ఆలస్యం చెయ్యకండి అంకుల్. చెవికి అందని శబ్దాల్ని బుర్ర కూడా మెల్లగా మర్చిపోతుంది. బాగా మర్చిపోయాక మిషను పెట్టినా అన్నీ మోతలాగే ఉంటాయి, మాట విడిగా తెలియదు.” అది టైలరమ్మ గుండెల్లో గుచ్చుకుంది. మిషను తెచ్చేశారు. ఇంటికొచ్చి ఆయన ఒక్క క్షణం పెట్టుకుని, ప్లేయరు ఆన్ చేసి, వెంటనే పీకేశాడు.

“రేకుల డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది. దీంతో ఫైనల్ ఎలా వినమంటావు? ఫైనల్ తేలిపోనీ, ఆ మర్నాడే పెట్టుకుంటా. ఒట్టు!”

డబ్బా బీరువాలోకి పోయింది. ఫైనలేగా, ఒక్క ఆదివారమేగా అనుకుంది ఆవిడ. ఎంత పిచ్చిదో!

అప్పటినుంచీ సుద్దగీత వారం వారం పైకి పాకుతూనే ఉంది. ఆయనకు వినిపించడం తగ్గేకొద్దీ గీత జరుపుతున్నారు. “రెండింటికీ సమానంగానే కదమ్మా జరిపాం” అంటాడు మాస్టారు, అదేదో న్యాయమైనట్టు. కిటికీ అద్దాలు గడగడలాడుతుంటే వంటింట్లో కూర్చుని చేత్తో కాజాలు కుట్టుకుంటూ ఆవిడ పళ్లు నూరుకునేది. ఈ వారానికి ఆయన బుర్ర ఇంకెన్ని శబ్దాలు మర్చిపోయిందో అని గుబులు. తన గొంతు కూడా ఆ పోయినవాటిలో ఉందేమోనని ఇంకా గుబులు.

తనకు తోచినవన్నీ చేసింది. టీ ఆపేసింది. టైర్లాయన ఫ్లాస్కులో తెచ్చుకున్నాడు. బొమ్మాబొరుసు వేసుకోమంది.

“బొమ్మాబొరుసా!” మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “చెల్లెమ్మా, ఇది అభిరుచికి సంబంధించిన విషయం.”

“పోనీ నేను వేస్తా ఐదో ఓటు. తేలిపోతుంది.”

“నువ్వు అభిమానివి కాదు కదా వదినా” అన్నాడు మరిది, ఎంతో నొచ్చుకుంటూ.

“నీ మొహం! ఆ రెండు పాటలూ మీకంటే నాకే బాగా తెలుసు. రికార్డు ఎక్కడ గీరుకుపోయిందో కూడా చెప్తా.”

“తెలియడం వేరు, అభిమానం వేరు అక్కా” అన్నాడు టైర్లాయన. అన్ని వారాల్లో ఆయన చెప్పిన తెలివైన మాట అదొక్కటే. అదీ ఆవిడ మీదే ప్రయోగించాడు.

ఫిట్టరు ఈ గొడవలో ఎటూ మాట్లాడేవాడు కాదు. నవ్వి తలూపేవాడు. వినిపించలేదు పాపం అనుకునేది ఆవిడ.

ఆ ఆదివారం కూడా అన్నీ మామూలే. రైలు పాట అయింది, పోట్లాట పాట అయింది. గది నిశ్శబ్దమైంది, అంటే కళ్లు మూసుకున్నారన్నమాట. ఓటు వేళ ముందుగదిలోకి ఎవరూ రాకూడదు, చెంచా కూడా చప్పుడు కాకూడదు. కానీ వీధి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది, కోటు గుండీ ఊడిందని, బయల్దేరాలి, ఇప్పుడే కుట్టివ్వమని. గుండీల డబ్బా ఏమో ముందుగది కిటికీలో. టైలరమ్మ చెప్పులు విడిచి, వేళ్ల మీద నడుచుకుంటూ, దొంగలా తన గదిలోకి తానే వచ్చింది.

నలుగురూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మాస్టారు గడ్డం పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని, “రైలు!” అన్నాడు. టైర్లాయన చెయ్యి టక్కున లేచింది. ఆయనది ఎప్పుడూ రైలే. మాస్టారు చేతులు కట్టుకునే ఉన్నాడు, ఆయనది ఎప్పుడూ పోట్లాటే. మరిది చెయ్యి లేవబోయి, ఆగి, చెవి గోక్కుని, చివరికి లేచింది.

ఫిట్టరు కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

శ్రద్ధగా, లెక్క చూస్తున్నాడు. టైర్లాయన చెయ్యి చూశాడు. మాస్టారి చేతులు చూశాడు. తమ్ముడి చెయ్యి పైకి వెళ్లి స్థిరపడేదాకా ఆగాడు. స్థిరపడ్డాక తన చేతులు రెండూ ఒళ్లో భద్రంగా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండు రెండు.

టైలరమ్మకు ఒక్కసారిగా అన్ని ఆదివారాలూ కళ్ల ముందు తిరిగాయి. తమ్ముడు ఎటు ఊగితే ఈయన దానికి అవతలివైపు. “అన్నయ్యకూ నాకూ టేస్టు ఎప్పుడూ కలవదు వదినా” అని మరిది నవ్వుతూ చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. నలుగురు మనుషులు కళ్లు మూసుకుని ఒకరినొకరు నమ్ముకుంటే, కాపలా ఉండాల్సినవాడు ఒక్కడూ లేకపోయె! లెక్కల మాస్టారట!

“తెరవండి” అన్నాడు మాస్టారు.

“తెరవండి, బాగా తెరవండి!” అంది టైలరమ్మ. గుండీల డబ్బా బల్ల మీద పెట్టిన పెట్టుకు మూత ఎగిరిపోయింది. “మీరు ముగ్గురూ కళ్లు మూసుకుంటుంటే ఈయన చూసి వేస్తున్నాడు. తక్కువున్నవైపు వేసి సమానం చేస్తున్నాడు. ఈ ఫైనల్ తేలకుండా ఆపింది ఈయనే!”

తేలు కుట్టిన దొంగలా చూశాడు ఫిట్టరు. ఆ మాటలన్నీ వినిపించకపోయినా ఆవిడ మొహం చూస్తే చెవులతో పనిలేదు.

“నిజమా అన్నయ్యా?” అని మరిది గట్టిగా అరిచాడు.

 ఆయన ఎవరి మొహమూ చూడకుండా, కిందికి చూస్తూ చెప్పాడు. “తేలితే ఆ డబ్బా పెట్టుకోవాలిరా. ఇప్పుడు పాట సగం వినిపిస్తుంది. మిగతా సగం నేనే తలలో పాడుకుంటా. క్యాంటీనులో ఎలా ఉండేదో అలాగే వస్తుంది. అది పెట్టుకుంటే నిజంగా ఏం వినిపిస్తుందో అదే వినాలి. అది గులకరాళ్లు.”

టైర్లాయన కళ్లు తుడుచుకున్నాడు. మరిది వెళ్లి అన్న పక్కన కూర్చున్నాడు.  మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“అంటే ఈయన ఓట్లేవీ చెల్లవు. ఫైనల్లోనే కాదు, ముందు నుంచీ ఎక్కడెక్కడ చూసి వేశాడో తెలియదు కాబట్టి, న్యాయంగా అయితే పోటీ మళ్లీ మొదటినుంచి...”

“మొదటినుంచా!”

ఆ కేక వీధి మలుపు దాకా వెళ్లి ఉంటుంది. గుమ్మంలో కోటు పట్టుకుని నిలబడ్డావిడ ఒక మెట్టు దిగింది. 

టైలరమ్మ మొగుడి ఎదురుగా వెళ్లి నిలబడింది. పెదవులు కనిపించేలా వంగింది. కన్నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు.

“మీ పాట పోతుందని భయపడ్డారు. మరి నేనో? నాకు మీతో మెల్లగా మాట్లాడాలని ఉంది! మెల్లగా! వింటున్నారా? ఎవరికీ వినపడకుండా మీకొక్కరికే వినపడేలా, ఒక్క మాట చెప్పాలని ఉంది నాకు!”

అంత మెల్లని కోరికను ఆవిడ అరవగలిగినంత గట్టిగా అరిచి చెప్పింది. వేరే దారి లేదు మరి. ఎదురింటి టీవీ ఆగిపోయింది. పక్కింటావిడ కిటికీ రెక్క చప్పుడు లేకుండా మూసుకుంది.

ఫిట్టరు లేచాడు. లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు కిర్రుమంది. తిరిగొచ్చేసరికి డబ్బా చేతిలో ఉంది. మరిది అన్న చెవికి మిషను తగిలించి, వదిన చూపించినట్టు చిన్న మీట నొక్కాడు. ఫిట్టరు మొహం వెంటనే చిట్లింది. “పెట్టండి, మొదట రైలు” అన్నాడు.

సుద్దగీత ఎంత పైకి పాకిందో అప్పుడు తెలిసింది. మొదటి డ్రమ్ము దెబ్బకే ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. సౌండు తగ్గించారు, మళ్లీ తగ్గించారు. పాత గీత దాటి ఇంకా కిందికి వెళ్లాక చేతులు దించాడు. రెండు పాటలూ పూర్తిగా విన్నాడు. మధ్యలో ఒకసారి పెదవులు కదిలించబోయి ఆపేశాడు. అది చూసి టైలరమ్మకు కోపం కాస్త తగ్గింది, జాలేసింది. ఎంతైనా ఆయనకు మిగిలిన సుఖం అది.

ఈసారి కళ్లు మూసుకోమని ఎవరూ అనలేదు.

“రెండూ బాగాలేవు” అన్నాడు ఫిట్టరు.

“అలా వేయడానికి నియమాల్లో...” అనబోయి, టైలరమ్మ చూపు తగిలి మాస్టారు ఆగాడు.

“రైలు. అందులో డ్రమ్మైనా డ్రమ్ములా ఉంది.”

టైర్లాయన చెయ్యి ఎప్పుడో లేచే ఉంది. మరిది చెయ్యి సగం లేచి అటూ ఇటూ ఊగుతుంటే వదినగారు ఆ మణికట్టు పట్టుకుని, “ఇందాక రైలుకేగా ఎత్తావు?” అని పైకి లేపి ఉంచింది. మూడు ఒకటి. రైలు పాట గెలిచింది. చప్పట్లు కొట్టబోయారు గానీ ఫిట్టరు మొహం చూసి మానేశారు. గొప్ప పాట తేలిన గదిలో నలుగురూ బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. మాస్టారు మొదట లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “చెల్లెమ్మా, మూడో స్థానం ఏదో ఇంకా...” అన్నాడు. మరిది ఆయన్ని మెట్లు దించేశాడు.

కోటు గుండీ కుట్టిచ్చి, ఆవిడను పంపించి, టైలరమ్మ తలుపు దగ్గరకు వేసింది. కుట్టుమిషనును తానే ఈడ్చుకొచ్చి పాత చోట పెట్టింది. ఆయన కుర్చీలో కదలకుండా కూర్చుని, ఫ్యాను చప్పుడు కాబోలు, పైకి చూస్తూ వింటున్నాడు. వెలుతురు తగ్గుతోంది. ఆవిడ లైటు వెయ్యలేదు. స్టూలు లాక్కుని, మిషను పెట్టుకున్న చెవి వైపు దగ్గరగా కూర్చుంది. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. పిన్ని గురించి ఉంది. మోకాలి గురించి ఉంది. ఏమీ కాని కబుర్లు అన్నిటికంటే ఎక్కువ ఉన్నాయి. ఎక్కడ మొదలెట్టాలో తెలియక, తేలికైన మాట ఒకటి చూసుకుంది.

“ఏమండీ, టీ పెట్టనా?”

ఆయన కుర్చీలోంచి అదిరిపడి చెవి మూసుకున్నాడు.

“ఎందుకే అలా అరుస్తావు? పక్కనే ఉన్నాగా.”

 ఆవిడ గొంతు సవరించుకుని, ఇంకా దగ్గరకు జరిగి, ఈసారి జాగ్రత్తగా, మెల్లగా చెబుదామని మళ్లీ మొదలుపెట్టింది. ఆయన మళ్లీ ఉలిక్కిపడ్డాడు. మెల్లగా మాట్లాడటం ఎలాగో ఆవిడ గొంతుకు గుర్తు రావడం లేదు. వెతుక్కుంది, దొరకలేదు. దుఃఖం, కోపం కలిసి ఒక్కసారే పొంగుకొచ్చాయి.

“ఇన్నాళ్లూ ఎవరి కోసం అరిచానండీ!” అంది.

అది కూడా అరిచే అంది.